జిమ్‌కు వెళ్లే ముందు మీ ఒంటిని అడగండి

నల్గొండ, మహబూబ్‌నగర్, మిర్యాలగూడ, సూర్యాపేట, వనపర్తి వంటి మన పట్టణాల్లో ఇప్పుడు జిమ్‌లు వచ్చాయి. కొన్ని పార్కుల్లో ఓపెన్ జిమ్ పరికరాలు పెట్టారు. వ్యాయామం చేయాలన్న ఆసక్తి పెరగడం సంతోషించవలసిన విషయమే. అయితే కొత్తగా మొదలుపెట్టేవారిలో ఎక్కువ మంది మొదట అడిగే ప్రశ్న "ఏ మిషన్ కొనాలి, ఎన్ని కిలోలు ఎత్తాలి?" అని. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉంది. "నా ఒళ్లు దేనికి సిద్ధంగా ఉంది?" మన ప్రాంతంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకో చూద్దాం.

కష్టం చేసేవారికి వ్యాయామం ఎందుకు?

దేశంలో ఎన్నో ప్రాజెక్టుల కట్టడంలో పాలమూరు కూలీలు మట్టి మోశారు, రాళ్లు కొట్టారు. వారికి జిమ్ అవసరం లేకపోయింది. కాని వారి పిల్లలు, మనవలు ఈనాడు దుకాణాల్లో, ఆఫీసుల్లో, ఆటోల్లో, కంప్యూటర్ల ముందు కూర్చుని పనిచేస్తున్నారు. తిండి అంతే ఉంది, కదలిక తగ్గింది. అందువల్ల చక్కెర వ్యాధి, రక్తపోటు, ఊబకాయం పెరుగుతున్నాయి. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

ఇప్పటికీ నాట్లు వేసేవారికి, పత్తి ఏరేవారికి అలసట ఉంది గాని సమతూకమైన కదలిక లేదు. రోజంతా ముందుకు వంగే ఉంటారు. వారికి కావలసింది బరువులు కాదు, నడుమును, భుజాలను వెనక్కి సాగదీసే తేలికపాటి కసరత్తులు.

మన నీరు, మన ఎముకలు

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని మర్రిగూడ, నారాయణపూర్, మునుగోడు ప్రాంతాల్లోను, పాలమూరులోని కొన్ని ఊళ్లలోను ప్రజలు దశాబ్దాల పాటు ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న బోరు నీరు తాగారు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి "నల్గొండ పద్ధతి" అనే పేరే వచ్చింది. 2015లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. తర్వాత శుద్ధి చేసిన నీరు చాలా ఊళ్లకు చేరింది. అయినా పెద్ద వయసువారి ఎముకల్లో ఏళ్ల తరబడి పేరుకున్న ఫ్లోరైడ్ ఒక్కసారిగా పోదు.

ఫ్లోరోసిస్ వచ్చిన ఎముక బయటికి గట్టిగా కనిపించినా లోపల పెళుసుగా ఉంటుంది. కీళ్ల చుట్టూ ఉన్న కట్టుబంధాలు గట్టిపడతాయి. వెన్నుపూస బిగుసుకుని నరాలను నొక్కే ప్రమాదం ఉంది. ఇలాంటి వ్యక్తి భుజాలపై బరువుపెట్టి బస్కీలు తీస్తే, నేల నుంచి బరువు ఎత్తితే, మేలుకంటే కీడే ఎక్కువ.

ఇంట్లోనే చేసుకోగల మూడు చిన్న పరీక్షలు:

1. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి కాలివేళ్లను తాకండి.
2. గడ్డాన్ని ఛాతీకి ఆనించండి.
3. చేతులు పక్కలకు చాచి, మోచేతులు మడిచి, తల వెనుక భాగాన్ని తాకండి.

వీటిలో ఏదైనా చేయలేకపోతే, లేదా చేసేటప్పుడు నొప్పి, బిగువు ఉంటే బరువుల జోలికి వెళ్లకుండా డాక్టరు గారికి చూపించుకోండి. చేయలేనంత మాత్రాన ఫ్లోరోసిస్ ఉన్నట్లే అనుకోకూడదు. ఎక్స్‌రే, మూత్ర పరీక్షల ద్వారా నిర్ధారణ జరగాలి.

40 ఏళ్లు దాటినవారు, బి.పి., షుగరు, గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవారు, గర్భిణులు కూడా మొదట డాక్టరు సలహా తీసుకోవాలి.

మొదటి ఆరు వారాలు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవారికి వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం, రెండు రోజులు కండరాలను బలపరిచే కసరత్తు అవసరం. ఇది ఒక్కరోజులో అందుకోవలసిన గమ్యం కాదు.

మొదటి రెండు వారాలు రోజుకు 15 నుంచి 20 నిమిషాలు నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. తర్వాత నడకను 30 నిమిషాలకు పెంచి, కుర్చీలో కూర్చుని లేవడం, గోడకు చేతులు ఆనించి దండీలు తీయడం, మెట్లు ఎక్కడం చేర్చండి. ఒక్కొక్కటి 10 సార్లు చాలు. ఇవి సులభమైన తర్వాతే పరికరాల వంతు. మన ఎండాకాలంలో తెల్లవారుజామున లేదా పొద్దుగూకిన తర్వాత మాత్రమే చేయండి.

ఏ పరికరం ఎవరికి?

మంచి బూట్లు: అన్నిటికంటే ముందు కొనవలసినవి ఇవే. షుగరు ఉన్నవారు ఒట్టి కాళ్లతో వ్యాయామం చేయరాదు. రోజూ పాదాలు చూసుకోవాలి.

కదలని సైకిలు: మోకాళ్ల నొప్పులున్నవారికి, బరువు ఎక్కువున్నవారికి అనుకూలం.

ట్రెడ్‌మిల్: ఇంటికి కొనడం చాలామందికి అనవసర ఖర్చు. నడవడానికి రోడ్డో, బడి మైదానమో ఉంటే చాలు.

సాగే రబ్బరు పట్టీ: చవక, చోటు తీసుకోదు. ఇంటివద్దే చేసుకునే స్త్రీలకు, వృద్ధులకు మంచిది.

డంబెల్స్: ఒకటి, రెండు కిలోలతో ప్రారంభించండి. లీటరు నీళ్ల సీసా కిలో బరువు ఉంటుంది, దానితోనూ మొదలుపెట్టవచ్చు. 12 సార్లు సులువుగా ఎత్తగలిగినప్పుడే కొద్దిగా పెంచాలి. ఎత్తేటప్పుడు ఊపిరి వదలండి. బిగబట్టితే బి.పి. పెరుగుతుంది.

బార్‌బెల్: మొదటి ఆరు వారాలు దీన్ని ముట్టవద్దు. తర్వాతైనా తెలిసినవారు పక్కన ఉండాలి.

బరువులెత్తితే ఆడవారు మగవారిలా మారిపోతారన్నది అపోహ. శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్య పతకం సాధించారు. ఆమె కూడా ఒక్కరోజులో ఆ బరువులెత్తలేదు. ఏళ్ల తరబడి శిక్షణ పొందారు.

నీరు, తిండి, పొడులు

వ్యాయామం చేసేవారు ఎక్కువ నీరు తాగుతారు. కాబట్టి అది ఎక్కడి నీరో తెలుసుకోండి. తెలియని బోరు నీటిని కాచినా ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. పరీక్షించిన నీటినే ఇంటినుంచి సీసాలో తీసుకువెళ్లండి. గుడ్డు, పప్పు, పల్లీలు, పాలు, మజ్జిగ, రాగులు, ఆకుకూరలు కొత్తవారికి సరిపోతాయి. త్వరగా కండలు రావాలని ఎవరైనా ఇంజక్షన్లు, పేరులేని పొడులు ఇస్తే తీసుకోవద్దు. స్టెరాయిడ్లు గుండెను, కాలేయాన్ని, సంతాన శక్తిని దెబ్బతీస్తాయి.

వెంటనే ఆపండి

కొత్తగా చేసినప్పుడు రెండు, మూడు రోజులు కండరాల నొప్పి సహజం. కాని ఛాతీలో బరువు, చెమటలు, దవడకు లేదా చేతికి పాకే నొప్పి, కళ్లు తిరగడం ఉంటే ఆపి, 108కి ఫోన్ చేయండి. కాళ్లలో తిమ్మిరి, బలహీనత, మూత్రం పట్టు తప్పడం వెన్నుపూసకు సంబంధించిన హెచ్చరికలు. మూత్రం టీ రంగులో వస్తే కండరాలు దెబ్బతిన్నట్లు భావించి అదే రోజు ఆసుపత్రికి రండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారికి వణుకు, నీరసం వస్తే వెంటనే చక్కెర తీసుకోవాలి. జేబులో ఎప్పుడూ కొంచెం ఉంచుకోండి.

జిమ్ ఫీజు కట్టే ముందు ఆ మూడు పరీక్షలు చేసి చూడండి. మీతోపాటు ఇంట్లోని పెద్దలచేత కూడా చేయించండి. రెండు నిమిషాల పని అది. ఒక నడుమును జీవితాంతం కాపాడవచ్చు.