వార్తల్లో పదం: అడ్డగింపు–మళ్లింపు

పట్టణపు మురుగు ఏటిని గాని కాలువను గాని చేరకమునుపే, గట్టు వెంబడి వేసిన పెద్ద గొట్టములో దానిని పట్టి శుద్ధికేంద్రమునకు మరల్చు విధానమిది. వాననీరును మురుగును ఒకే గొట్టమున పారు నగరములలో, కుండపోత కురిసిననాడు అది చాలక మిగిలినది నదిపాలగును. థేమ్సు వెంబడి లండను 25 కిలోమీటర్ల సొరంగము త్రవ్వించినది ఆ పొంగును పట్టి నిలుపుటకే.

కృష్ణా పశ్చిమ డెల్టా కాలువలు మూడు నడిబొడ్డున పారు తెనాలిలో చిక్కు వేరు: వేసవిలో కాలువలు కట్టివేయగా, పలుచన చేయు ప్రవాహమే లేక, చేరిన మురుగు అక్కడనే కుళ్లును. దిగువ బాపట్ల, రేపల్లె ప్రాంతములకును డెల్టా నీరే ఆధారము గనుక ఇది ఒక్క ఊరి గొడవ కాదు. అయితే ఈ సమతలభూమిలో గొట్టమునకు తగిన వాలు దొరకుట దుర్లభము. పంపులు నడుపక తప్పదు, విద్యుత్తు పోయినచో మురుగు మరల కాలువలోనికే.