ఇంజిన్ ఎందుకు కొట్టుకుంటుంది?

ఘాట్ రోడ్డు మీద గేరు తగ్గించకుండా బండి ఎక్కించబోతే ఇంజిన్‌లోంచి టకటకమని చప్పుడొస్తుంది. మెకానిక్కులు నాకింగ్ అంటారు. ఆ చప్పుడు గుట్టు విప్పడానికి ఏళ్ల తరబడి పాటుపడిన ఇంజినీరు హ్యారీ రికార్డో. 1885లో లండన్‌లో పుట్టాడు. కేంబ్రిడ్జిలో ప్రొఫెసర్ హాప్కిన్‌సన్ దగ్గర చదువుకునేటప్పుడే ఈ పనిలో పడ్డాడు.

స్పార్క్ ప్లగ్ దగ్గర పుట్టిన మంట సిలిండర్లో పాకుతూ పోతుంది. కాలిన వాయువు ఉబ్బి, ఇంకా కాలని పెట్రోలు, గాలి మిశ్రమాన్ని మూలకు నొక్కుతుంది. నొక్కిన కొద్దీ అది వేడెక్కి, మంట తన దాకా రాకముందే తనంతట తానే ఒక్క పెట్టున భగ్గుమంటుంది. ఆ అదురే మనకు వినిపించేది. ముదిరితే పిస్టన్ కూడా పాడవుతుంది.

మరి ఏ ఇంధనం ఎంత నొక్కుడుకు తట్టుకుంటుంది? ఇది తేల్చడానికి రికార్డో షోర్‌హామ్‌లోని తన ప్రయోగశాలలో ఈ35 అనే ఒంటి సిలిండర్ ఇంజిన్ తయారుచేశాడు. అది నడుస్తుండగానే సిలిండర్‌ను పైకీ కిందికీ జరిపి కంప్రెషన్ నిష్పత్తిని మార్చవచ్చు. చప్పుడు మొదలయ్యే దాకా పెంచుకుంటూ పోవడమే పరీక్ష. ఇంత సూటిగా ప్రశ్న అడిగే యంత్రాలు అరుదు. టిజార్డ్, పై అనే ఇద్దరు శాస్త్రవేత్తలు తోడుగా ఒక్కో ఇంధనాన్నీ పరీక్షించి, టోలుయిన్ అనే హైడ్రోకార్బన్‌తో పోల్చి అంకె వేశారు. నేటి ఆక్టేన్ నంబరుకు తొలిమెట్టు అదే.

ఈ పరిశోధనలో నాకు బాగా నచ్చేది బోర్నియో పెట్రోలు కథ. అప్పట్లో పెట్రోలు ఎంత తేలికైతే అంత మేలురకమని లెక్క. బోర్నియో సరుకు బరువెక్కువని షెల్ కంపెనీ దాన్ని అడవిలో తగలబెట్టేస్తుండేది. రికార్డో పరీక్షిస్తే నాకింగ్‌ను గట్టిగా తట్టుకున్నది అదే! అందులో సుగంధ (ఆరోమాటిక్) హైడ్రోకార్బన్లు ఎక్కువ. బరువూ వాటివల్లే, బలమూ వాటివల్లే.

ఇంధనం ఒక్కటే మారితే చాలదని కూడా ఆయనకు తెలుసు. మంట త్వరగా పాకితే మూలనున్న మిశ్రమానికి వేడెక్కే వ్యవధి దొరకదు. అందుకే లోపలి గాలి సుళ్లు తిరిగేలా సిలిండర్ హెడ్ ఆకారాన్నే మార్చాడు. గాలి సుళ్ల మీద ఆ పట్టుతోనే డీజిల్ వైపు మళ్లి కామెట్ అనే దహన గదిని రూపొందించాడు. 1930లలో లండన్ బస్సుల్లోకి ఎక్కిన ఆ నమూనా తర్వాత చాలా కాలం పాటు చిన్న డీజిల్ కార్లలో పనిచేసింది.