మే నెల పచ్చికకు లెక్క తెలిసినవాళ్లు కావాలి

గేటెడ్ కమ్యూనిటీలు, ఐటీ క్యాంపస్‌లు, ఆసుపత్రులు, కాలేజీలు... ఎక్కడ చూసినా తోటలే. ఎండాకాలంలో వాటిని బతికించాలంటే మాలీ చేతి చలవతో పాటు కాస్త ఇంజినీరింగ్ కూడా కావాలి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల కబుర్లలో మాత్రం ఈ పని ఊసు పెద్దగా వినపడదు!

2024 మార్చిలో బెంగళూరు నీటి బోర్డు ఓ ఆదేశం ఇచ్చింది. తాగునీటిని తోటలకు, వాహనాలు కడగడానికి వాడితే రూ.5 వేల జరిమానా. అలాంటి పరిస్థితిలో తోట చూసేవాళ్ల ముందున్న ప్రశ్న ఒక్కటే. ఉన్న నీళ్లతో దేన్ని బతికించాలి, దేన్ని వదిలేయాలి? హైదరాబాద్‌లోనూ ఎండలు ముదిరితే ట్యాంకర్ కోసం ఎదురుచూపులు మామూలే. ఈ ప్రశ్నకు అంకెలతో జవాబు చెప్పగలవారికి పని దొరుకుతుంది.

ఎకరాకు ఐదు ట్యాంకర్లు

చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే అది సరిగ్గా ఒక లీటరు. ఇది గుర్తుంటే చాలు, సగం లెక్క వచ్చినట్టే. ఎకరం అంటే దాదాపు 4,047 చదరపు మీటర్లు. మండు వేసవిలో పచ్చికకు రోజుకు 6 మి.మీ. నీళ్లు కావాలనుకుందాం. 4,047ను 6తో గుణిస్తే 24,282 లీటర్లు. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు దాదాపు ఐదు! పైపుల లీకేజీ, గాలికి కొట్టుకుపోయే తుంపర్లు దీనికి అదనం.

ఈ 6 అన్నది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఎండ, గాలి, తేమ, ఉష్ణోగ్రతలను బట్టి మారుతుంది. దీన్ని లెక్కగట్టే పెన్‌మన్-మాంటీత్ పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1998లో తన 56వ నీటిపారుదల పత్రంలో వివరించింది. అది నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఎక్సెల్ మీద పట్టున్నవాళ్లు దాన్ని ఓ షీట్‌గా మార్చుకోవచ్చు.

మాలీకి తెలిసింది, మీకు తెలిసింది

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండల్లో ఏం చేయాలో అనుభవం ఉన్న మాలీని అడగండి. నీళ్లు తెల్లవారుజామునే పెట్టాలి. పచ్చికను మరీ పొట్టిగా కోయకూడదు, ఒక్కసారికి గడ్డి ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు. చెట్ల పాదుల్లో ఎండుటాకులు పరవాలి. కొత్త మొక్కలు నాటడానికి తొలకరి దాకా ఆగాలి. నీళ్లు తక్కువైతే ముందు చెట్లకే పెట్టాలి. ఎండిన గరిక వానలు పడితే మళ్లీ చిగురిస్తుంది. ఇరవై ఏళ్ల చెట్టు ఎండితే మళ్లీ రాదు.

దీనికి మీ చదువును జోడించండి. డ్రిప్పర్లు గంటకు 2, 4, 8 లీటర్ల చొప్పున నీళ్లు వదిలే రకాల్లో దొరుకుతాయి. ఏ మొక్కకు ఏది, ఎంతసేపు అన్నది చిన్న గుణకారం. సోలనాయిడ్ వాల్వులు, టైమర్లతో తెల్లవారుజామున నాలుగింటికి నీళ్లు వాటంతటవే పారేలా చేయొచ్చు. తేమ సెన్సర్ కొనేటప్పుడు చూసుకోండి. చవగ్గా దొరికే రెండు పుల్లల రెసిస్టివ్ రకం మట్టిలో త్వరగా తుప్పు పడుతుంది, కెపాసిటివ్ రకం ఎక్కువ కాలం మన్నుతుంది. ఎస్‌టీపీలో శుద్ధి చేసిన నీళ్లు వాడుతుంటే ఫిల్టర్ తప్పనిసరి, లేదంటే డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఆ నీటిలో ఉప్పు శాతం కూడా చూస్తుండాలి, అది మట్టిలో పేరుకుపోతుంది.

ఎవరికి ఏ దారి?

సివిల్ వాళ్లకు వాలు, పైపుల డిజైన్. ఈఈఈ వాళ్లకు పంపులు, ప్యానెళ్లు. ఈసీఈ వాళ్లకు సెన్సర్లు. సీఎస్‌ఈ వాళ్లకు నీటి వాడకాన్ని చూపే డ్యాష్‌బోర్డులు. డిగ్రీ ఏదైనా సరే, అగ్రికల్చర్ స్కిల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రూపొందించిన గార్డెనర్, మైక్రో ఇరిగేషన్ టెక్నీషియన్ కోర్సులను పరిశీలించవచ్చు. ఇంటర్ బైపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే నాలుగేళ్ల బీఎస్సీ హార్టికల్చర్ గురించి చెప్పండి. తెలంగాణలో ములుగులోని కొండా లక్ష్మణ్ ఉద్యాన వర్సిటీ, ఏపీలో వెంకటరామన్నగూడెంలోని డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన వర్సిటీ దీన్ని అందిస్తున్నాయి. ఉద్యోగాల సైట్లలో హార్టికల్చర్ సూపర్‌వైజర్, ఇరిగేషన్ డిజైన్ ఇంజినీర్, ఫెసిలిటీ ఎగ్జిక్యూటివ్ అన్న పేర్లతో వెతకండి.

మొహమాటం లేకుండా...

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ ఆఫర్ అంత ఉంటుందని ఆశించొద్దు. పొద్దున ఆరింటికల్లా సైట్లో ఉండాలి. 'బీటెక్ చదివి మొక్కలకు నీళ్లు పోస్తావా?' అని ఇంట్లో అడగొచ్చు. ట్యాంకర్ బిల్లు ఎంత తగ్గించారో చూపిస్తే చాలు, అదే జవాబు. చేరే ముందు పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయో లేదో అడగండి. మీ కిందుండే మాలీలకూ అవి అందుతున్నాయో లేదో చూడండి. మిట్టమధ్యాహ్నం వాళ్లకు నీడ, నీళ్లు, విరామం చూసే బాధ్యత సూపర్‌వైజర్‌దే.

కాలేజీలోనే మొదలుపెట్టండి

సెలవులకు ఇంటికెళ్లేలోపు ఒక పని చేయండి. అనుమతి తీసుకుని మీ కాలేజీ లాన్‌ను టేపుతో కొలవండి. స్ప్రింక్లర్ కింద అక్కడక్కడా అడుగూ మూతీ ఒకే వెడల్పున్న డబ్బాలు పది పెట్టి 15 నిమిషాలు నడపండి. ఒక్కో డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్ల నీళ్లు చేరాయో స్కేలుతో చూడండి. ఒకదాంట్లో 2, ఇంకోదాంట్లో 7 ఉందంటే ఓ మూల గడ్డి ఎండుతోంది, ఇంకో మూల నీళ్లు వృథా అవుతున్నాయి. సరిచేశాక మళ్లీ కొలవండి. రెండు కొలతలూ ఒక పేజీ రిపోర్టుగా రాసి ప్రిన్సిపల్‌కు ఇవ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

ఇంటర్వ్యూలో 'ఏం ప్రాజెక్ట్ చేశావు?' అని అడిగితే ఆ పేజీ తీసి బల్ల మీద పెట్టండి.