పలకని హాజరు
దూరాన ఉన్న యంత్రం మౌనం వహించినప్పుడు ఆ సంగతి మనకు తెలియాలంటే...

భిలాయి ఉక్కునగరంలోని నివాస ప్రాంతాలలో స్మృతి నగర్ ఒకటి. ఉద్యోగాల కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారితో పాటు తెలుగు కుటుంబాలూ ఎన్నో ఏళ్ళుగా భిలాయిలో స్థిరపడి ఉన్నాయి. షిఫ్టుకు బయలుదేరిన మనిషి షిఫ్టు ముగిశాక క్షేమంగా గుమ్మం ఎక్కాలన్నదే ఉక్కునగరంలో ప్రతి ఇంటి కోరిక. ఆ కోరిక నెరవేరడానికి హెల్మెట్టు, బూట్లు ఎంత అవసరమో, కంట్రోల్ రూములోని తెరమీద కనిపించే అంకె నిజమైనదై ఉండటం కూడా అంతే అవసరం.

సోవియట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందం ఫలితంగా భిలాయి ఉక్కు కర్మాగారం రూపుదాల్చింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. అక్కడ తయారైన పట్టాలపై దేశమంతటా రైళ్ళు నడుస్తున్నాయి.

అదే కర్మాగారంలో 2014 జూన్ 12న ఒక దుర్ఘటన జరిగింది. పంపు హౌసులో ఏర్పడిన లోపం వల్ల గ్యాసు శుద్ధి విభాగానికి వెళ్ళే నీటి పీడనం పడిపోయింది. నీరు అడ్డుకొని ఉండవలసిన విషవాయువు వెలుపలికి వచ్చింది. ఆరుగురు మరణించారు. ఆ వాయువు కార్బన్ మోనాక్సైడ్. దానికి రంగు లేదు, వాసన లేదు. మనిషి పసిగట్టేలోపే ప్రాణం తీయగలదు. ఆ దుర్ఘటన కారణాలను విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కాని ఎక్కడో ఒక మూలనున్న పంపు హౌసులోని నీటి పీడనం ఎందరి ప్రాణాలతో ముడిపడి ఉంటుందో అది మనకు తెలియజేసింది.

మరి అంత దూరాన ఉన్న పీడనం కంట్రోల్ రూములో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

తరగతి గదిలో హాజరు పట్టీ

పెద్ద కర్మాగారాలలో, నీటి సరఫరా వ్యవస్థలలో, విద్యుత్ సబ్‌స్టేషన్లలో దూరదూరంగా ఉన్న పరికరాల దగ్గర ఒక్కొక్క చిన్న పెట్టెను అమర్చుతారు. దానిని రిమోట్ టెర్మినల్ యూనిట్ అని, క్లుప్తంగా ఆర్.టి.యు. అని వ్యవహరిస్తారు. పీడనం, ఉష్ణోగ్రత, పంపు నడుస్తున్నదా ఆగినదా అనే సంగతులను అది సేకరించి, అంకెల రూపంలో తన వద్ద ఉంచుకుంటుంది. కంట్రోల్ రూములోని పర్యవేక్షణ సాఫ్ట్‌వేరు ఆ అంకెలను తెప్పించుకొని తెరపై చూపుతుంది. ఈ ఇద్దరికీ మధ్య దుబాసీగా పనిచేసే భాగమే కమ్యూనికేషన్ డ్రైవరు.

ఈ డ్రైవరు పని మన బడిలోని హాజరు వంటిది. ఉపాధ్యాయుడు నంబరు పిలుస్తాడు. ఆ నంబరు గల విద్యార్థి మాత్రమే పలుకుతాడు. పిలవనిదే ఎవరూ నోరు విప్పరు. మోడికాన్ అనే సంస్థ 1979లో రూపొందించిన మోడ్‌బస్ అనే భాష సరిగ్గా ఇలాగే నడుస్తుంది. అందులో ఒక్కొక్క యూనిట్‌కు 1 నుంచి 247 వరకు ఏదో ఒక నంబరు ఉంటుంది. నాలుగు దశాబ్దాలు దాటినా ఆ భాష నేటికీ ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది.

హాజరు సక్రమంగా సాగాలంటే ముందుగా కొన్ని ఒప్పందాలు కుదరాలి. సెకనుకు ఎన్ని బిట్ల వేగంతో మాట్లాడుకోవాలి, తప్పును పట్టే పారిటీ ఉండాలా వద్దా, ఎవరి నంబరు ఎంత అనేవి రెండు వైపులా ఒకే విధంగా ఉండాలి. ఒకే తీగపై ఇద్దరికి ఒకే నంబరు ఇస్తే ఇద్దరూ ఒకేసారి పలుకుతారు, ఎవరి మాటా అర్థం కాదు. ఇటువంటి పొరపాట్లు వెంటనే బయటపడతాయి. ఎందుకంటే అసలు సంభాషణే సాగదు. కనుక ఇవి అంత ప్రమాదకరమైనవి కావు.

సంభాషణ సాగినా అబద్ధమే

అసలు చిక్కు సంభాషణ చక్కగా సాగుతున్నప్పుడు మొదలవుతుంది.

యూనిట్‌లోని ప్రతి అంకెకూ రిజిస్టరు అనే ఒక అర ఉంటుంది. చాలా పత్రాలలో మొదటి అరను 40001 అని రాస్తారు. కాని తీగపై ప్రయాణించే సందేశంలో అదే అర సంఖ్య సున్నా. ఈ తేడాను మరచిన ఇంజనీరు ఒక గడి పక్కకు జరుగుతాడు. పీడనం చూపవలసిన చోట పొరుగు అరలోని ఉష్ణోగ్రత వచ్చి కూర్చుంటుంది. అంకె వస్తుంది, మారుతూ ఉంటుంది, చూడటానికి నమ్మదగినట్లే ఉంటుంది. అయినా అది అబద్ధం.

మరొకటి చూడండి. ఒక అరలో పట్టేది 16 బిట్లు మాత్రమే. దశాంశాలు గల సంఖ్యకు సాధారణంగా 32 బిట్లు కావాలి, అనగా రెండు అరలు. ఏ సగం ముందు వస్తుందనే విషయంలో తయారీదారులందరిదీ ఒకే పద్ధతి కాదు. ముందు వెనుకలు తారుమారైతే 25 అనే విలువ తెరపై దాదాపు సున్నాగా మారిపోతుంది. తీగ బాగున్నది, యూనిట్ బాగున్నది, పంపు బాగున్నది. డ్రైవరు అమరికలో ఒక్క గుర్తు తప్పింది, అంతే.

మౌనానికి ఎంత సమయం?

పిలిచిన విద్యార్థి పలకకపోతే ఉపాధ్యాయుడు ఎంతసేపు వేచి ఉండాలి? డ్రైవరు అమరికలో అతి ముఖ్యమైన ప్రశ్న ఇదే. దీనినే టైమ్ అవుట్ అంటారు.

సెకనుకు 9600 బిట్ల వేగంతో పది అరల సమాచారాన్ని అడిగి తెచ్చుకోవడానికి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. యూనిట్ ఆలోచించుకొనే కాలాన్ని కలిపినా ఇరవై యూనిట్ల హాజరు కొద్ది సెకన్లలోనే ముగించవచ్చు. కాని వాటిలో ఒకటి చెడిపోయిందనుకుందాం. టైమ్ అవుట్ 3 సెకన్లుగా ఉంచి, మరి మూడుసార్లు పిలవాలని ఆదేశిస్తే, ఆ ఒక్కదాని కోసమే 12 సెకన్లు గడిచిపోతాయి. ఈలోగా మిగిలిన పందొమ్మిది యూనిట్లు నోరు మూసుకొని కూర్చోవలసిందే. అలాగని వ్యవధిని మరీ తగ్గిస్తే, కాస్త ఆలస్యంగా పలికే ఆరోగ్యవంతమైన యూనిట్‌ను కూడా చచ్చినదిగా లెక్కకట్టవలసి వస్తుంది. అందుచేత అనుభవజ్ఞులు పలకని యూనిట్‌ను కొంతసేపు పక్కన ఉంచి, నెమ్మదిగా మళ్ళీ పిలిచే ఏర్పాటు చేస్తారు. ప్రాణాలతో ముడిపడిన యూనిట్లను తక్కినవాటితో కలపకుండా వేరే తీగపై ఉంచుతారు.

నిన్నటి హాజరు నేటికి చెల్లదు

పలకని విద్యార్థి పేరు ఎదుట ఉపాధ్యాయుడు ఏమి రాయాలి? నిన్న వచ్చాడు కనుక ఈ రోజూ వచ్చినట్లే అని రాస్తే మనం ఒప్పుకుంటామా? అజాగ్రత్తగా అమర్చిన డ్రైవరు చేసే పని సరిగ్గా ఇదే. సంబంధం తెగిపోయిన తరువాత కూడా చివరిసారి వచ్చిన అంకె తెరపై అలాగే నిలిచి ఉంటుంది. అక్కడ పీడనం పడిపోతూ ఉండవచ్చు. ఇక్కడ తెరపై మాత్రం అంతా క్షేమమే.

మోడ్‌బస్ భాషలో అంకె తప్ప, అది ఎప్పటిదో, నమ్మదగినదో కాదో చెప్పే ఏర్పాటు లేదు. తరువాత వచ్చిన డి.ఎన్.పి.3, ఐ.ఇ.సి. 60870 వంటి భాషలలో విలువతో పాటు దాని యోగ్యతను తెలిపే గుర్తు, అవసరమైన చోట సమయం కూడా పంపవచ్చు. మోడ్‌బస్ వాడేచోట ఆ బాధ్యతను డ్రైవరు అమర్చే మనిషే స్వీకరించాలి. గడువు దాటిన అంకె రంగు మారాలి, లేదా దాని స్థానంలో ప్రశ్నార్థకం రావాలి, గంట మోగాలి. యూనిట్‌లో ప్రతి సెకనుకూ ఒకటి చొప్పున పెరిగే లెక్కను ఉంచి, అది పెరగడం ఆగితే హెచ్చరిక ఇవ్వడం మరొక మంచి పద్ధతి. ఇది నాడి పట్టి చూడటం వంటిది.

పాతతరం ఇంజనీర్లకు కూడా ఈ వివేకం ఉన్నది. కొలత పరికరాల తీగలలో ప్రవహించే విద్యుత్తును సున్నా నుంచి కాక 4 మిల్లీ ఆంపియర్ల నుంచి 20 వరకు నిర్ణయించారు. 4 ఉంటే కొలత సున్నా అని అర్థం. అసలేమీ లేకపోతే తీగ తెగిందని అర్థం. లేమికీ మౌనానికీ ఉన్న తేడాను వారు ఒక చిన్న అంకెలో ఇమిడ్చారు.

ఆ తేడాను మరిస్తే ఏమవుతుందో 2003 ఆగస్టు 14న అమెరికా చూసింది. ఒహాయో రాష్ట్రంలోని ఒక విద్యుత్ సంస్థ కంట్రోల్ రూములో హెచ్చరికల సాఫ్ట్‌వేరు నిశ్శబ్దంగా ఆగిపోయింది. గంట మోగలేదు కనుక అంతా బాగున్నదని సిబ్బంది భావించారు. ఒకదాని వెంట ఒకటిగా లైన్లు పడిపోయాయి. ఆ సాయంత్రం అమెరికా, కెనడాలలో సుమారు 5 కోట్ల మందికి విద్యుత్తు లేకుండా పోయింది. చెట్ల కొమ్మలను సకాలంలో కొట్టకపోవడం వంటి ఇతర కారణాలూ ఉన్నాయి. కాని ముంచుకొస్తున్న ప్రమాదాన్ని చూడనివ్వనిది మాత్రం ఆ నిశ్శబ్దమే.

తీగ ఊడదీసి చూడండి

డ్రైవరు అమర్చిన నాడు ఒక మనిషి పంపు దగ్గర, మరొకరు తెర ముందు నిలబడి సరిచూసుకుంటారు. ఈ సంభాషణను ఊహించుకోండి.

“గేజి ఎంత చూపుతోంది, తమ్ముడూ?”

“నాలుగున్నర, అన్నా.”

“ఇక్కడా నాలుగున్నరే. సరే, ఇప్పుడు తీగ ఊడదీయి.”

“తీసేశానన్నా.”

“ఇక్కడ ఇంకా నాలుగున్నరే ఉన్నదే!”

రెండు చోట్లా అంకె కలిసినప్పుడు సగం పరీక్ష మాత్రమే ముగిసింది. తీగ ఊడదీసిన తరువాత తెర ఏమి చెబుతుందన్నది మిగిలిన సగం. పని తొందరలో ఈ రెండవ సగాన్ని వదలివేసేవారు తక్కువేమీ కాదు. దానికి పట్టేది కొద్ది నిమిషాలే. దానిని వదలివేస్తే ఎంత మూల్యం చెల్లించవలసి వస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

యంత్రం అన్నీ తెలిసినట్లు నటించడం కన్నా, “నాకు తెలియడం లేదు” అని నిజాయితీగా ఒప్పుకోవడం మేలు. ఆ మాట వినిపిస్తే మనిషి లేచి వెళ్ళి స్వయంగా చూస్తాడు, లేదా అక్కడున్నవారిని వెలుపలికి రమ్మంటాడు. స్మృతి నగర్‌లో పొద్దుగూకే వేళ గుమ్మం వైపు చూసే ఇల్లాలికి ఆర్.టి.యు. అంటే ఏమిటో తెలియకపోవచ్చు. ఆమె ఎదురుచూసే హాజరు ఒక్కటే, గుమ్మంలో వినిపించే అడుగుల చప్పుడు. ఆ చప్పుడు ప్రతిరోజూ వినిపించాలంటే, పలకని యంత్రం ఎదుట ‘హాజరు’ అని రాయని సాఫ్ట్‌వేరు కావాలి. అంతకు మించి, అలా రాయనివ్వని మనిషి కావాలి.