కాల్చే ముందు తీయాల్సింది

గుత్తి చుట్టుపక్కల మెట్టచేలలో పండే బుడ్డలను, అంటే వేరుశనగను, వొలిస్తే వంద కిలోల కాయకు పాతిక, ముప్పై కిలోల పొట్టు మిగులుతుంది. అది ఎక్కువగా బాయిలర్లలోకో ఇటుక బట్టీలలోకో పోతుంది. అది దండగ అనడం సులువే గానీ, పొయ్యికి కావాల్సింది వేడే కదా! ఆ వేడి పొట్టులో దేని నుంచి వస్తుందో మాత్రం చూడాలి. కిలోకు కిలో లెక్కేస్తే, పొట్టులోని లిగ్నిన్ అనే పదార్థం కన్నా హెమీసెల్యులోజ్ అనే మరో పదార్థం చాలా తక్కువ వేడినిస్తుంది. కాబట్టి హెమీసెల్యులోజ్‌ను ముందే తీసేసినా పొయ్యికి పెద్ద లోటు రాదు. తీసినదాన్ని ఏం చేసుకోవాలన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు చెప్పడం మొదలుపెట్టింది కాగితం పరిశ్రమ. 1986లో ఫిన్లాండ్‌లో లీసా వీకారి బృందం గుజ్జును తెల్లబరిచే ముందు జైలనేజ్ ఎంజైమ్‌ను కలిపి చూసింది. క్షారంలో కలప ఉడికేటప్పుడు కరిగిన జైలాన్ అనే హెమీసెల్యులోజ్ తిరిగి నారపై పేరుకుని రంగు లిగ్నిన్‌ను పట్టి ఉంచుతుంది. ఎంజైమ్ ఆ పొరను అక్కడక్కడ తెంపితే చాలు, క్లోరిన్ వాడకం గణనీయంగా తగ్గుతుంది. మన మిల్లులు వాడే సుబాబుల్, జామాయిల్ కలపలోనూ ఉండేది ఇదే జైలాన్.

నా దృష్టిలో ఇంతకన్నా ఆసక్తికరమైన పని, గొలుసులా ఉండే జైలాన్ అణువును తెంచకుండా దాని పక్కకొమ్మలను మాత్రమే తీసేయడం. అరబినోజ్ కొమ్మలను ఒక ఎంజైమ్, గ్లూక్యురానిక్ ఆమ్లాన్ని మరొకటి తొలగిస్తాయి. కొమ్మలు కొట్టేసిన కట్టెలు మోపులో ఒదిగినట్టు నున్నటి గొలుసులు దగ్గరగా చేరి, నీటిలో కరగడం తగ్గుతుంది. అలా సవరించిన జైలాన్‌తో ఆక్సిజన్‌ను అడ్డుకునే పలచని పొరలు చేయవచ్చు. వాటి బలహీనత తేమే.

బుడ్డల పొట్టుతో ఈ పని చేయాలంటే రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. కరవుసీమలో నీళ్లెక్కడివి అంటారు. ఎంజైమ్‌కు నీళ్లు తప్పవు, అయితే అదే ద్రావణాన్ని వడకట్టి మళ్లీ వాడుకోవచ్చు. తడిసిన పొట్టును ఆరబెట్టడానికి ఎండకు మాత్రం ఇక్కడ కొదువ లేదు. రెండోది మరింత గట్టిది. పచ్చి పొట్టులోకి లిగ్నిన్ ఎంజైమ్‌ను చొరనివ్వదు కనుక ముందుగా క్షారంతోనో వేడినీటితోనో మెత్తబరచాలి. ఖర్చంతా అక్కడే. కాగితం మిల్లులో ఆ పని ఎలాగూ జరుగుతుంది కాబట్టి ఎంజైమ్ అక్కడ ముందు నిలదొక్కుకుంది. అందుకే గుత్తిలో ఏకంగా ఫ్యాక్టరీ కట్టాలనడం తొందరపాటు. క్షారం, నీరు, రవాణా ఖర్చులను పొట్టు ధరతో పోల్చే చిన్న ప్రయోగం ముందు జరగాలి. ఆ లెక్క తేలేదాకా పొట్టు బాయిలర్‌కు పోవడమే సబబు.