ట్రాక్టరు ట్రక్కులో ప్రయాణం ప్రమాదం

2018 జూన్‌లో యాదాద్రి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు కాలువలో పడి 15 మంది మరణించారు. చాలా ట్రక్కులకు సొంత బ్రేకులుండవు. పల్లంలో బ్రేకు వేసినా వెనుక బరువు ట్రాక్టరును ముందుకు నెడుతుంది. మలుపులో అయితే పక్కకు తోసి బోల్తా కొట్టిస్తుంది. అందుచేత ఈ జాగ్రత్తలు పాటించండి:

1. ట్రక్కులో సరుకే వేయండి, మనుషులను ఎక్కించకండి. ట్రాక్టరుకు, ట్రక్కుకు మధ్య ఎవరినీ కూర్చోనివ్వకండి. జారితే చక్రాల కిందే పడతారు.

2. బయలుదేరే ముందు ట్రక్కును తగిలించే పిన్ను సరిచూడండి.

3. రోడ్డెక్కేటప్పుడు రెండు బ్రేకు పెడళ్లను కలిపి ఉంచండి.

4. పల్లం రాకముందే చిన్న గేరు వేయండి. న్యూట్రల్‌లో దిగవద్దు.

ప్రమాదం జరిగితే వెంటనే 108కు ఫోన్ చేయండి. మెడకు, వెన్నుకు దెబ్బ తగిలిందనిపిస్తే క్షతగాత్రుని లేపి కూర్చోబెట్టకండి. వెన్నుపాము దెబ్బతింటే కాళ్లూ చేతులూ శాశ్వతంగా చచ్చుబడవచ్చు.