తుఫాను బాపట్లలో తీరం దాటినా మన ఎదురుచూపు ముగియదు

వాయుగుండం తుఫానుగా మారిందని టీవీలో చెప్పగానే మన ఇళ్ళల్లో మొదటి ప్రశ్న ఒకటే: ఎక్కడ తీరం దాటుతుంది? దూరమని తెలిస్తే ఊపిరి పీల్చుకుంటాం. తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల వారికి ఈ లెక్క సరిపోదని మన సంఘం తరఫున మనవి చేస్తున్నాము.

2023 డిసెంబరు నాటి మిచౌంగ్ తుఫానునే తీసుకోండి. 5వ తేదీన అది బాపట్ల దగ్గర తీరం దాటింది. కానీ అంతకుముందే, 3, 4 తేదీల్లో, మన తీరానికి దగ్గరగా మెల్లగా కదులుతూ చెన్నై, తిరువళ్ళూరు, కాంచీపురం, చెంగల్పట్టు జిల్లాలను వానలో ముంచింది.

రెండో సంగతి ఏర్లు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారింది గానీ ఏటి దారి మారలేదు. కార్వేటినగరం దగ్గరి కృష్ణాపురం జలాశయం గేట్లు ఎత్తితే ఆ నీళ్ళు కుశస్థలి ఏటిలో పళ్ళిపట్టు మీదుగా పూండి వైపు వస్తాయి. నగరి ఏరు కూడా పూండి దగ్గరే కలుస్తుంది. పిచ్చాటూరు నీళ్ళు ఆరణి ఏటిలో ఊత్తుకోటకు చేరుతాయి. పూండి గేట్లు ఎత్తితే ఎన్నూరు దాకా దిగువ ఊళ్ళన్నీ జాగ్రత్త పడాలి. అందుకే ఇక్కడ వాన వెలిసినా, ఎగువన కురిసింది తర్వాత మన మీదికి రావచ్చు.

కాబట్టి తుఫాను వచ్చేలోగా ఇవి చూసుకోండి:

• రెడ్ అలర్ట్ అంటే 24 గంటల్లో 20 సెంటీమీటర్లకు మించి వాన పడవచ్చని అర్థం. ఆ రోజు ప్రయాణాలు మానండి.

• పట్టా, రేషన్ కార్డు, పెన్షన్ కాగితాలు ప్లాస్టిక్ సంచిలో పెట్టి పైన ఉంచండి. మందులు, తాగునీళ్ళు, ఫోన్ ఛార్జింగ్ ముందే చూసుకోండి.

• పల్లపు చోట కట్టేసిన పశువులను మెరకకు తోలండి.

• నగరి, పుత్తూరు, పిచ్చాటూరుల్లో ఉన్న బంధువులకు ఫోన్ చేసి ఏరు ఎలా ఉందో అడగండి.

• ఏరు పొంగితే కాజ్‌వే మీద దాటవద్దు.

హెచ్చరికలు ఇక్కడ తమిళంలోనే వస్తాయి. తమిళం మాట్లాడగలిగినా చదవలేని పెద్దవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. పిల్లలు దూరాన ఉద్యోగాల్లో ఉంటే ఆ ఇళ్ళల్లో వాళ్ళు ఒంటరిగానే ఎదురుచూస్తుంటారు. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే పొద్దున ఒకసారి, చీకటి పడేలోగా ఒకసారి వెళ్ళి తెలుగులో చెప్పి రండి. ఆపద వస్తే జిల్లా కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్ 1070. ఈ రెండు నంబర్లూ గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి.